ప్లస్ మేస్త్రి, మైనస్ మంత్రి

మా శాఖలో ఉత్పత్తి అనేది ఎన్నడూ లేదు. వ్యుత్పత్తి మాత్రం పోయిన వేసవిలో మొదలైంది.

మాది ప్రభుత్వ మర్యాదా విభాగం. ఏ సభలో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి, ఎవరి మెడలో ఎంత లావు దండ పడాలి, కత్తెర ఎవరి చేతికివ్వాలి, ఆ కత్తెర తెచ్చిన పళ్లెం తర్వాత ఎవరు పట్టుకు నిలబడాలి, ఇవన్నీ మేమే నిర్ణయిస్తాం. జనం మమ్మల్ని ప్రోటోకాల్ వాళ్లంటారు. నేను అందులో అనువాదకుణ్ణి. పైనుంచి ఇంగ్లీషులో వచ్చిన అగౌరవాన్ని గౌరవనీయమైన తెలుగులోకి మార్చి కిందికి పంపడం నా ఉద్యోగం.

మా ప్రధానాధికారి విస్సాప్రగడ భుజంగరావు గారిని ఆ వేసవిలో సభామర్యాదల అధ్యయనానికని యూరప్ పంపించారు. అలా వెళ్లినవాళ్లు చాక్లెట్లు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు. ఈయన మాటల మూలాలు తెచ్చారు. విమానాశ్రయంలోనే పట్టుకుని ఉంటే బాగుండేది గాని, బుర్రలో దాచిన సరుకు వాళ్ల మిషన్లో కనపడదట.

వచ్చిన మర్నాడే మమ్మల్నందర్నీ తన గదిలోకి పిలిచారు.

"ప్రోటోకాల్ అంటే ఏమిటి?" అని అడిగారు.

"తెలీదండి" అన్నాం అందరం ఒకే గొంతుతో. పై అధికారి అడిగినప్పుడు తెలిసినా తెలీదనడమే మాకు తెలిసిన ప్రోటోకాల్.

"జిగురు" అన్నారాయన. "గ్రీకు మాట. పూర్వం కాగితపు చుట్టకి మొదట్లో ఒక పుట అంటించేవారు. ప్రోటో అంటే మొదటిది. కొల్లా అంటే జిగురు."

ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఒకే కుర్చీకి అంటుకుపోయిన మా సూపర్నెంటు కళ్లు తుడుచుకున్నాడు. పాపం, ఇన్నాళ్లకి ఆయన జీవితానికి ఒక శాస్త్రాధారం దొరికింది.

"ఇది పీఠిక. ఇప్పుడు పీఠాల సంగతికి వద్దాం" అని భుజంగరావు గారు లేచి నిలబడ్డారు. "లాటిన్లో మాగిస్ అంటే ఎక్కువ. మినుస్ అంటే తక్కువ. మన లెక్కల్లో మైనస్సు అదే. మాగిస్ లోంచి మాగిస్తెర్ పుట్టాడు. అంటే పెద్దవాడు, పని నేర్పేవాడు, ఇలా చెయ్యి అని చెప్పేవాడు. మినుస్ లోంచి మినిస్తెర్ పుట్టాడు. వాడు చిన్నవాడు. పళ్లేలందించేవాడు, చెప్పింది చేసేవాడు. ఆ పెద్దవాడు ఇంగ్లండు వెళ్లి మాస్టరయ్యాడు. ఫ్రాన్సులో మెత్ర్ అయ్యాడు, జర్మనీలో మైస్టర్ అయ్యాడు, ఇటలీలో మాయెస్త్రో, పోర్చుగల్లో మెస్త్రె. ఆ పోర్చుగీసు మెస్త్రె ఓడెక్కి మన రేవులో దిగి ఏమయ్యాడో చెప్పండి చూద్దాం."

అందరం సూపర్నెంటు వైపు చూశాం.

"మేస్త్రి అయ్యాడు" అన్నారు ఆయన, సొంత కొడుకు తప్పిపోయి దొరికినంత ఆనందంగా.

"మరి ఆ చిన్నవాడండి?" అన్నాడు సూపర్నెంటు.

"మినిస్టర్. ఏ దేశం వెళ్లినా వాడి పేరు పెద్దగా మారలేదు. వేషమే మారింది."

"అంటే మేస్త్రి పైన, మినిస్టరు కిందనా అండి?"

"నేననడం లేదయ్యా. ధాతువు అంటోంది."

ధాతువు అన్నది కాబట్టి ఉత్తర్వు తయారైంది. తెలుగు నాది: "పదవికి ఆధారం పదము. పదమునకు ఆధారం ధాతువు. కావున ఇకమీదట ప్రభుత్వ వేదికలపై ఆసనక్రమము ధాత్వర్థానుసారము నిర్ణయింపబడును." ఇంత పెద్ద మార్పుని పైవాళ్లు ఎలా ఒప్పుకున్నారని మీకు అనుమానం రావచ్చు. ఆర్థిక శాఖ వారు ధాత్వర్థాన్ని ధాన్యార్థం అని చదువుకుని, ఎలాగూ కొనం కదా అని సంతకం పెట్టారు. మిగతావాళ్లు ఆర్థిక శాఖ సంతకం చూసి పెట్టారు.

*

ఉత్తర్వు వచ్చాక జరగబోయే మొదటి సభ వేములలంకలో. కోనసీమలో ఉంది ఆ ఊరు. అక్కడ ఆడపిల్లల హైస్కూలుకి కొత్త భవనం కట్టారు. దాని హెడ్మిస్ట్రెస్ మట్టపర్తి కనకవల్లి గారు తేదీ అడగడానికి మా ఆఫీసుకి వచ్చారు. గొడుగు మడిచి కుర్చీ పక్కన పెట్టి నెమ్మదిగా మొదలుపెట్టారు.

"మా బడి ఇప్పుడు కొబ్బరి గోదాములో నడుస్తోందండి. గోడలున్నాయి, కప్పుంది. బాత్రూములు లేవండి. ఆడపిల్లలు కదండి, పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరే ముందు గ్లాసుడు నీళ్లు తాగితే మళ్లీ ఇంటికెళ్లేదాకా ముట్టుకోరు. ఈ ఎండల్లో కళ్లు తిరిగి పడిపోతున్నారు. కొత్త బిల్డింగులో వరసగా బాత్రూములు కట్టారండి, బంగారంలా ఉన్నాయి. మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించేదాకా తాళం తియ్యకూడదంటున్నారు."

"తియ్యకూడదు" అన్నారు భుజంగరావు గారు. "ప్రారంభం కాని భవనంలో కాలు పెడితే అది ప్రవేశం కాదు, ఆక్రమణ."

"అందుకే తేదీ ఇప్పించమంటున్నానండి."

"తేదీకేం తొందర. ముందు కత్తెర ఎవరిదో తేలాలి."

"కత్తెర మా కుట్టుపని టీచరు దగ్గరుందండి."

"ఆ కత్తెర కాదమ్మా. దాని అధికారం." ఆయన ఉత్తర్వు ప్రతి ఆమె చేతికిచ్చారు.

కనకవల్లి గారు రెండుసార్లు చదివి, నావైపు చూశారు. అనువాదకుల వైపు జనం చూసే చూపే అది. నేను ఫ్యాను వైపు చూశాను.

"అంటే మంత్రిగారు రిబ్బను కత్తిరించకూడదాండి?"

"ఆ భవనం కట్టిన మేస్త్రి ఉండగా మినిస్టరు కత్తిరించడం ధాతుద్రోహం."

"అయితే మా మేస్త్రి చేతే కత్తిరించేద్దామండి. సూరిబాబు రోజూ అక్కడే ఉంటాడు. ఈ సాయంత్రం చెప్పినా కత్తిరించేస్తాడు."

"అలా ఆయనంతట ఆయన కత్తిరిస్తే సభ ఉండదు. సభ లేకపోతే మేం ఉండం. మేం ఉండాలి కదమ్మా."

ఈ చివరి వాక్యానికి ఎదురు లేదు. ఆమె గొడుగు తీసుకుని, "తొందరగా చూడండి సార్. పిల్లలు ధాతువుల్ని ఆపుకోగలరేమో గానీ అన్నీ ఆపుకోలేరు" అని వెళ్లిపోయారు.

రిబ్బను అనే మాటలోనే ఇబ్బంది ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

*

తరవాత మంత్రిగారికి సంగతి చెప్పాలి. యాళ్ల తాతాజీ గారు అతిథిగృహంలో పెసరట్టు తింటూ విన్నారు. సగం అట్టు దగ్గర ఆగారు.

"నేను మైనస్సా?"

"రాజకీయంగా కాదండి" అన్నారు భుజంగరావు గారు. "ధాతుపరంగా."

"ఎవరు సంతకం పెట్టారయ్యా ఈ ఆర్డరుకి?"

"తమరేనండి."

మంత్రిగారు నమ్మలేదు. కాగితం చూపించాం. సంతకం ఆయనదే. ఆయన కాసేపు అల్లం పచ్చడి వైపు చూసి, రాజకీయాల్లో నలిగినవాడు కాబట్టి చటుక్కున దారి కనిపెట్టారు.

"అసలు నేను మినిస్టర్ని కాదుగా. నేను తెలుగువాణ్ణి. మంత్రిని. ఆ లాటినోడికీ నాకూ ఏం సంబంధం?"

భుజంగరావు గారి మొహం చవితి చంద్రుడిలా వెలిగింది. చూస్తే నింద తప్పదని నేను కళ్లు దించుకున్నాను.

"భేషుగ్గా ఉందండి. మంత్రి అంటే మంత్రం చెప్పేవాడు. మంత్రం అంటే రహస్యంగా చెప్పే ఆలోచన. కనుక తమరు వేదిక మీద మైకులో మాట్లాడకూడదు. ఎవరైనా వంగితే చెవిలో చెప్పాలి."

"మైకు లేదా?"

"మంత్రం మైకులో చెబితే అది ప్రకటన అవుతుందండి. ఇంకో చిక్కు. మంత్రం పేరుతో బతికేవాళ్లలో మంత్రసాని కూడా ఉంది. ఆసనక్రమంలో తమ పక్క కుర్చీ ఆవిడకి ఇవ్వాల్సివస్తుంది. ఆవిడ ప్రత్యక్షంగా పురుడు పోస్తుంది, తమరు పథకాలకి మాత్రమే పోస్తారు గనుక, ఆవిడ కుర్చీ ఒక అంగుళం ఎత్తుగా ఉండాలా అన్నది పరిశీలనార్హం."

మంత్రిగారు మిగతా అట్టు మడిచి ఒక్క ముద్దగా మింగేశారు.

"వద్దులే. మైనస్సే ఉంచండి. మా ఆవిడ ఎప్పట్నుంచో అదే అంటోంది, ఇప్పుడు గవర్నమెంటు కూడా ఒప్పుకుంది. ఇంతకీ మైనస్సు చెయ్యాల్సిన పనేంటి?"

"మూలార్థం ప్రకారం, పెద్దలకి పళ్లెంలో అందివ్వడమండి. మంచినీళ్లు గానీ, మజ్జిగ గానీ."

"మాట్లాడక్కర్లేదా?"

"అక్కర్లేదండి."

"సన్మానం?"

"ఉండదండి."

"అర్జీలు?"

"మైనస్సుకి అర్జీ ఎవరిస్తారండి?"

మంత్రిగారు చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ, "ఇదేదో సుఖంగానే ఉందే" అన్నారు. అప్పటికప్పుడు తేదీ ఇచ్చేశారు.

*

వేములలంకలో మేం దిగేసరికి భవనం వెనకాల సూరిబాబు మేస్త్రి మోకాలి లోతు గోతిలో ఉన్నాడు. చేతిలో తాపీ ఉంది. బాత్రూముల గొట్టాన్ని సెప్టిక్ ట్యాంకుకి కలుపుతున్నాడు. గట్టున కనకవల్లి గారు నిలబడి చూస్తున్నారు.

"ఇదొక్కటే మిగిలిందండి. అరపూట పని" అన్నాడు మేస్త్రి.

"ఆ తాపీ కింద పెట్టండి సూరిబాబు గారూ" అన్నారు భుజంగరావు గారు.

పుట్టి బుద్ధెరిగాక తనని 'గారూ' అన్న అధికారిని చూడలేదేమో, మేస్త్రి వెనక్కి తిరిగి ఇంకెవరైనా సూరిబాబు గారున్నారేమోనని చూశాడు.

"మీరే ముఖ్య అతిథి. మినిస్టర్ గారు మీకు మంచినీళ్లందిస్తారు. ఈ క్షణం నుంచి సభ అయ్యేదాకా మీ చేతికి సిమెంటు అంటకూడదు. అంటితే పదవికి మచ్చ."

"నాకండి?"

"మీకే. మీరు మాగిస్తెర్."

"మేం కాపులమండి, ఆయ్."

"కులం కాదండీ, ధాతువు." మళ్లీ లాటిన్ నుంచి లంక దాకా మొత్తం చెప్పారు. మేస్త్రి శ్రద్ధగా విన్నాడు. విన్నంతసేపూ గోతిలోంచి కొంచెం కొంచెం పైకి వచ్చాడు. మంత్రి పళ్లెం దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా గట్టెక్కాడు.

"సార్, ఆ గొట్టం కలపకపోతే బాత్రూములుండీ లాభం లేదండి" అన్నారు కనకవల్లి గారు. "ఒక్క అరపూట ఆయన్ని మాగిస్తెర్ చెయ్యకుండా ఉంచండి."

"ధాతువుకి అరపూట సెలవు ఉండదమ్మా. వేరే మనిషిని పెట్టి కలిపించుకోండి."

ఈ మాటకి మేస్త్రి ఒప్పుకోలేదు. "నేను కట్టినదాంట్లో ఇంకోడు చెయ్యెడితే నేనూరుకోనండి. ఆ వాటం నాకే తెలుసు."

"పోనీ నువ్వే కలిపెయ్యి సూరిబాబూ" అన్నారావిడ.

"పదవికి మచ్చంటున్నారు కదండి అమ్మగారూ" అన్నాడు మేస్త్రి. అప్పటికే కాళ్లు కడుక్కుంటున్నాడు.

అలా పైవాళ్ల మాట పైన ఉండిపోయింది, పైపు మాత్రం గోతిలో ఉండిపోయింది. ఆ సాయంత్రం మేస్త్రి తెల్లపంచె చలవ చేయించుకున్నాడు. మేస్త్రి, ఇస్త్రీ రెండూ పోర్చుగీసు ఓడలోనే వచ్చాయని మా ప్రధానాధికారి మురిసిపోయారు. అంతకు ముందు తాపీ పనివాడు, ఇప్పుడు పని లేదు గనుక తాపీగా ఉన్నాడు.

కథ ఇక్కడితో ఆగేదే. కానీ ఊళ్లో ఉత్తర్వు చదివినవాడు ఒకడున్నాడు. మర్నాడు పొద్దున్నే మెడలో టేపుతో టైలర్ మాస్టర్ వచ్చి మా బస ముందు నిలబడ్డాడు.

"మేస్త్రి అంటే మాస్టరేనంటగదండి. నేను పుట్టుకతో మాస్టర్నండి. మా నాన్న కూడా మాస్టరే. నా కుర్చీ ఎక్కడండి?"

భుజంగరావు గారు ఆలోచించారు. తర్కంలో తప్పు దొరకలేదు. కుర్చీ ఇచ్చారు.

ఆ వెనకే కిళ్లీకొట్టు పక్కనుంచి టీ మాస్టర్ ఖాదర్ వచ్చాడు. బ్యాండు మాస్టర్ వచ్చాడు. డ్రిల్లు మాస్టర్ ఈల ఊదుకుంటూ వచ్చాడు. పోస్టుమాస్టరమ్మ మంగతాయారు తంతి వచ్చినంత తొందరగా వచ్చింది. పరోటా మాస్టర్ పిండి చేతులతో నమస్కారం పెట్టాడు. ఒకాయన తను పేకాటలో మాస్టర్నని వచ్చాడు. అతన్ని కానిస్టేబుల్ పక్కకి తీసుకెళ్లాడు గాని, ఆసనక్రమంలో పేరు మాత్రం ఉంచారు.

ఇంతలో మెజిస్ట్రేటు కూడా మాగిస్తెర్ సంతానమేనని తేలింది. ఆయన రానన్నారు. కుర్చీ వచ్చింది.

మధ్యాహ్నానికి అసలు ప్రమాదం బయటపడింది. పెళ్లి శుభలేఖ పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. "ఇందులో నా పేరుకి ముందు మిస్టర్ అని వేశారండి. మా అల్లుడు చదువుకున్నవాడు, మిస్టర్ అంటే మాస్టరే అన్నాడు. నిజమేనాండి?"

భుజంగరావు గారు పుస్తకం తిరగేశారు. చాలాసేపు తిరగేశారు. తరవాత పుస్తకం మూసి, నాతో మెల్లిగా అన్నారు. "నిజమేనోయ్. మగవాళ్లంతా మాగిస్తెర్లే."

"మిసెస్ అండి?"

"అదీ అంతే. మిస్ కూడా."

"అయితే మైనస్సు ఎవరండి?"

"మినిస్టరొక్కరే."

షామియానా కుర్రాళ్లని పిలిచి వేదిక కొలత పెంచమన్నాం.

*

సభ రోజున వేదిక పెరిగి పెరిగి మైదానమంతా అయింది. ప్రేక్షకుల కోసం వదిలిన చోట షామియానా గుంజలు, రెండు మేకలు ఉన్నాయి. మేకల పదవుల గురించి ఉత్తర్వు ఏమీ చెప్పలేదు. ఊరు ఊరంతా పైనే కూర్చుంది. టీ మాస్టర్ పైనున్నాడు గనుక టీ లేదు. బ్యాండు మాస్టర్ పైనున్నాడు గనుక కింద బ్యాండు ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తున్నారు. నడిమధ్య ఎత్తైన కుర్చీలో చలవ పంచెతో సూరిబాబు మేస్త్రి బిగుసుకుని కూర్చున్నాడు. పంచె నలుగుతుందని ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తున్నాడు.

కొత్త భవనం గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఎదురుగా ఎండలో పూలపళ్లేలు పట్టుకుని ఆడపిల్లలు బారులు తీరి నిలబడ్డారు. యూనిఫాంలో ఉన్నవాళ్లు విద్యార్థినులు, మిస్సులు కారు అని భుజంగరావు గారు ముందే తేల్చారు. లేకపోతే స్వాగతం చెప్పడానికి ఎవరూ మిగలరు.

ప్రారంభోపన్యాసం ఆయనదే. "అధికులారా" అని మొదలుపెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. రిబ్బను కత్తిరించడానికి అందరికంటే అధికుణ్ణి ఆహ్వానిస్తున్నానన్నారు. మేస్త్రి లేచాడు. టైలర్ మాస్టర్ కూడా లేచాడు.

"కత్తెర నాదండి" అన్నాడు టైలర్. "పుట్టి బుద్ధెరిగి ఆయన కత్తెర పట్టాడాండి?"

"బిల్డింగ్ నాదిరా" అన్నాడు మేస్త్రి.

"బిల్డింగ్ నీదైతే, కత్తిరించేది బిల్డింగునా? కత్తిరించేది గుడ్డ. గుడ్డ నా డిపార్ట్‌మెంటు."

"ఆ ఇద్దరికీ ఉత్తర్వు బట్వాడా చేసింది నేను" అంది పోస్టుమాస్టరమ్మ.

"అందరూ క్రమశిక్షణగా ఉండాలి" అని డ్రిల్లు మాస్టర్ ఈల ఊది తనూ లేచాడు.

భుజంగరావు గారు మైకు దగ్గరికి వచ్చారు. "అందరూ ఎక్కువే. ఎక్కువల్లో ఏ ఎక్కువ ఎక్కువో లాటిన్ చెప్పలేదు. కనుక వేదిక మీదే ఒక ఉపసంఘం వేస్తున్నాం" అన్నారు. ఉపసంఘంలో చేరడానికి వేదిక మొత్తం లేచింది.

ఇదంతా జరుగుతుండగా మన మైనస్సు, అంటే మంత్రి తాతాజీ గారు, గ్లాసుల పళ్లెం పట్టుకుని కింద నిలబడ్డారు. పైన ఎవరూ నీళ్లు తాగే స్థితిలో లేరు. ఆయన పళ్లెంతో పిల్లల దగ్గరికి నడిచారు.

"తాగండమ్మా, చల్లగా ఉన్నాయి."

"వద్దండి" అంది మొదటి పిల్ల.

"వద్దండి" అంది పక్క పిల్ల. పెదాలు ఎండి ఉన్నాయి.

బారు చివరిదాకా వెళ్లారు. ఒక్క గ్లాసు కదల్లేదు. మంత్రిగారికి అలవాటు లేని అనుభవం ఇది. ఆయన ఉత్త మాట ఇచ్చినా ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

"ఏమ్మా, మా గ్లాసుల్లో ఏవైనా పడ్డాయా?"

పిల్లలు తలలు దించుకున్నారు. ఒకత్తి కనకవల్లి గారి వైపు చూసింది. ఆవిడ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, గోదాము సంగతీ బాత్రూముల సంగతీ చెప్పారు. దాచకుండా, నసగకుండా, పంతులమ్మలు లెక్క చెప్పినట్టు చెప్పారు.

మంత్రిగారు చేతిలో పళ్లెం వైపు చూసుకున్నారు. "ఈ బిల్డింగుకి డబ్బు నేనేగా శాంక్షన్ చేశాను. బాత్రూముల్లేవా?"

"ఉన్నాయండి, తాళం లోపల. గొట్టం కలిపితే చాలు. కలిపేవాడు అదిగో, పైనున్నాడు."

"ఒక ఆర్డరు పడేస్తాను."

"మీరు మైనస్సు కదండి" అన్నారు కనకవల్లి గారు. "మీ ఆర్డరు చెల్లదండి. నేను హెడ్మిస్ట్రెస్‌ని, అంటే మాగిస్తెర్ సంతానాన్నే. మీ ఉత్తర్వు ప్రకారం నేను చెప్పాలి, మీరు చెయ్యాలి."

"ఏం చెయ్యమంటారు?"

"వెనక గుమ్మానికి రిబ్బను లేదండి. ఇదిగో తాళంచెవి. ఆ గొట్టం మీరు కలపండి."

"నాకు రాదమ్మా."

"ఈ పిల్లలకి ఆల్జీబ్రా కూడా రాదండి, అయినా చేయిస్తున్నాం. పదండి."

మంత్రి తాతాజీ గారు పళ్లెం నాకిచ్చి, భవనం వెనక్కి నడిచి, పంచె ఎగ్గట్టి, చెప్పులు వదిలి గోతిలోకి దిగారు. ఇంతవరకూ ఆయన దిగినవన్నీ విమానాలు, కార్లే. గట్టు మీద మేస్త్రి వదిలేసిన తాపీ అందుకున్నారు. ఆడపిల్లలు బారు తప్పి, పూలపళ్లేలు పక్కన పెట్టి, గోతి చుట్టూ చేరారు. హెడ్మిస్ట్రెస్ సిమెంటులో నీళ్లు పోశారు. ఎక్కువ పోశారు. మంత్రిగారు ఆ జావని గొట్టానికి రాశారు. అది జారి ఆయన మోచేతికి అంటుకుంది. ఇంకాస్త రాశారు. గొట్టం వంకరగా, ట్యాంకు కంటే పల్లంగా కూర్చుంది.

వేదిక నడిమధ్య ఎత్తు కుర్చీలోంచి, భవనం పక్క సందుగుండా, ఆ గొయ్యి బాగా కనిపిస్తుంది. ఉపసంఘం మూడో అంశం మీద ఉండగా మేస్త్రి చూపు అటు పడింది. చూపు పడ్డాక తిప్పుకోలేకపోయాడు. మాగిస్తెర్ కదా, కూర్చున్నాడు. చేతివేళ్లు మాత్రం కుర్చీ చెయ్యి మీద వాటం సర్దుతున్నాయి. మంత్రిగారు గొట్టాన్ని ఇటుకతో ఒక్కటి కొట్టేసరికి మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"అలా కాదండి బాబూ, వాటం ఇటు రావాలి" అని అరిచాడు.

"ఇటా?" అన్నారు మంత్రిగారు.

"అటు కాదండీ, ఇటు. అయ్యో, ఆ మూల బిగించకండి. ఓలమ్మో, నా బాత్రూములన్నీ పైకి తన్నేస్తాయండీ."

"సూరిబాబు గారూ, తమరు ముఖ్య అతిథులు" అన్నారు భుజంగరావు గారు.

"మీ అతిథి సంగతి తరవాతండి" అంటూ మేస్త్రి వేదిక దూకాడు. చలవ పంచె గుంజకి చిక్కుకుని చిరిగింది. టైలర్ మాస్టర్ దాని వైపు వృత్తిపరమైన జాలితో చూశాడు. మేస్త్రి గోతిలోకి దిగి, మంత్రిగారి చేతిలోంచి తాపీ లాక్కుని, ఆయన కట్టిందంతా ఒక్క తోపుతో తోసేశాడు.

"ఇసకందుకోండి."

మంత్రిగారు ఇసక అందించారు.

"గొట్టం పట్టుకోండి. కదలకండి. మీకే చెప్పేది, కదలకండి."

మంత్రిగారు కదల్లేదు. చెప్పేవాడు చెబుతున్నాడు, అందించేవాడు అందిస్తున్నాడు. లాటిన్ మొత్తం ఆ గోతిలో ఉంది. పైన ఉపసంఘానికి తెలీలేదు.

అతుకు ఆరేదాకా మంత్రిగారు గొట్టం అలాగే పట్టుకుని కూర్చున్నారు. మధ్యలో ఎవరో అర్జీ తెచ్చారు. చేతులు ఖాళీ లేవన్నారు. ఆ మాట ఆయన నోట చాలాసార్లు విన్నాం గాని, నిజమైనది అప్పుడే.

తరవాత కనకవల్లి గారు వెనక తలుపు తీసి, మోటారు వేశారు. డాబా మీది నీళ్ల ట్యాంకు నిండింది. లోపలినుంచి నీళ్లు గుమ్మరించిన చప్పుడు, దాని వెనకే గొట్టంలో దూసుకుపోయిన చప్పుడు. మేస్త్రి చెవి గొట్టానికి ఆనించి, తల ఊపాడు. పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ లోపలికి పరిగెత్తారు. వెళ్లేవాళ్లు వెళుతుంటే, మిగిలినవాళ్లు నా చేతిలోని పళ్లెం మీద పడ్డారు. గ్లాసులు ఖాళీ అయ్యాయి. బిందె ఎక్కడుందని అడిగారు.

అప్పటికి మా ప్రధానాధికారికి సంగతి అర్థమైంది. వేదిక దిగి, భవనం చుట్టూ తిరిగి, వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎర్ర రిబ్బను ముందు గుమ్మానికి చెక్కుచెదరకుండా ఉంది.

"ఇది క్షమార్హం కాదమ్మా" అన్నారు కనకవల్లి గారితో. "రిబ్బను కత్తిరించలేదు. ప్రారంభోత్సవం జరగలేదు. ఉపసంఘం నివేదిక రాలేదు. ప్రారంభం కాని భవనంలో ప్రవేశం అనేదే సంభవించదు. కనుక రికార్డు ప్రకారం ఈ పిల్లలెవరూ లోపల లేరు."

కనకవల్లి గారు లోపలికి చూశారు. బాత్రూముల ముందు మొదలైన బారు వసారా దాటి, మలుపు తిరిగి, గుమ్మంలో భుజంగరావు గారి దగ్గర తెగి, ఆయన వీపు వెనక బయట మళ్లీ మొదలైంది. ఆయన వెనకనున్న చిన్నపిల్ల ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"సరేనండి, లేరు" అన్నారావిడ. "ఆ లేనివాళ్లకి కాస్త అర్జంటుగా ఉంది. మీరు గుమ్మంలోంచి తప్పుకోండి."

ఆయన ఏదో ధాతువు కోసం నోరు తెరిచి, వెనక్కి తిరిగి, ఆ పిల్ల మొహం చూశారు.

తప్పుకున్నారు. నోట్ ఫైలు లేకుండా, ఉపసంఘం లేకుండా మా శాఖలో జరిగిన మొదటి కదలిక అదే.